కొత్త టైరుకు సొట్ట

వచ్చిన రోజే వ్యాను చేజారిపోయేలా ఉంది.

"ఈ బండి నేను తీసుకోను. షోరూముకు వాపస్ పంపండి," అన్నారు వెంకటరామారావు, చేతిలోని నిమ్మకాయను సువర్ణ మేడంకు తిరిగి ఇచ్చేస్తూ.

అడవి అంచున ఉన్న ఆ బాలికల హాస్టలుకు ఖమ్మంలోని ఒక ట్రస్టు వ్యాను కొనిచ్చింది. బండి చూసి, సరిగా ఉందని సంతకం పెట్టడానికి ట్రస్టు తరఫున వచ్చిన పెద్దమనిషి ఆయన. పూజ అయింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టమని వార్డెన్ సువర్ణ ఆయన్నే పిలిచింది. అలా వంగినప్పుడే, ముందు టైరు పక్కభాగంలో నిలువుగా వేలెడు సొట్ట ఆయన కంటపడింది.

"సార్, సోమవారం నుంచి పదో తరగతి పరీక్షలు," అంది సువర్ణ. "పన్నెండు మంది పిల్లలు తొమ్మిదింటికల్లా భద్రాచలంల ఉండాలె. మా దిక్కు వచ్చే బస్సు ఆడికి చేరేటాలకు పది దాటుతది."

"అందుకే చెప్తున్నానమ్మా. పిల్లలెక్కే బండి. దారిలో టైరు పేలితే ఎవరు జవాబు చెప్పాలి?"

ఆ మాట కాదనడానికి లేదు. సువర్ణ దూలయ్య వైపు చూసింది. వ్యాను నడపబోయేది అతనే. మణుగూరు బొగ్గు గనుల్లో డంపర్ టైర్ల దగ్గర పదేళ్లు పనిచేసి వచ్చినవాడు. దూలయ్య గొంతుక్కూర్చొని, కళ్లు మూసుకొని, అరచేత్తో టైరును చుట్టూ నిమిరాడు.

"ఏం కాదు సార్. ఇది అతుకు."

"కొత్త టైరుకు అతుకేంది?"

"టైరు లోపల దారాల పొర ఉంటది సార్. దాన్ని చుట్టి, కొసలు ఒకదాని మీద ఒకటి ఏసి అతికిస్తరు. రవిక కుట్టు కాడ బట్ట రెండు మడతలుంటది సూడండి, గట్ల. గాలి కొడితే ఒంటి పొర ఉన్నకాడ జర సాగుతది. రెండు పొరలున్నకాడ సాగదు. అందుకే సొట్ట లెక్క కనబడతది. నిజం చెప్పాలంటే గాడనే బలమెక్కువ."

"మరి చెడిపోయిన టైరు ఎట్లుంటది?"

"బయటికి ఉబ్బుతది సార్. లోపల దారాలు తెగితే గాలి ఆడికెల్లి తోసుకొస్తది. గట్లాంటి బండిని అడుగు కదలనియ్యొద్దు. లోపలికి సొట్ట ఉంటే ఫికరు లేదు."

"నువ్వు నాకు పాఠం చెప్పకు దూలయ్యా. నా కారు కొని నాలుగు నెలలు కాలేదు. పోయి చూడు, ఎక్కడన్నా సొట్ట ఉందేమో!"

వెనక వరండా మీద పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. అందులోంచి దుర్గ అనే అమ్మాయి గొంతు వినిపించింది. "సార్, మా చిన్నక్క నవ్వితే బుగ్గన సొట్ట పడతది. దీన్ని గూడ వాపస్ పంపాలెనా?"

పిల్లలంతా గొల్లుమన్నారు. పక్కనే ఉన్న చిన్నక్క అనే పిల్ల దుర్గ వీపు మీద ఒక్కటి వేసింది. సువర్ణ కళ్లెర్రజేసింది కానీ నవ్వు ఆపుకోలేక అటు తిరిగిపోయింది.

దూలయ్య నవ్వలేదు. లేచి నేరుగా ఆయన కారు దగ్గరికి వెళ్లాడు. ముందు చక్రం మీద చెయ్యి పెట్టి, "ఇగో సార్, ఇక్కడొకటి. ఇగో, ఇంకోటి," అన్నాడు. ఆయన వంగి చూశారు. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశారు. సొట్టలు ఉన్నాయి. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న టైర్లే.

"సరే, నాకూ అంటగట్టారన్నమాట. ఈ టైరు కూడా మార్పిస్తా," అన్నారు ఆయన పట్టు వదలకుండా.

దూలయ్య కారు వెనక చక్రం వైపు జరిగాడు. పైకి నున్నగా ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి చక్రం వెనక్కి పోనిచ్చి లోపలి వైపు నిమిరాడు. ఒకచోట చెయ్యి ఆగిపోయింది.

సొట్టకే బండి వద్దన్న మనిషి. ఇది చూపిస్తే ఇక ఏ టైరునూ నమ్మడేమో, సంతకం మాటే ఎత్తడేమో. చూపించకపోతే ఇదే చక్రం మీద అడవి దారిన వెళ్లిపోతాడు. దూలయ్య ఎక్కువసేపు ఆలోచించలేదు.

"సార్, చెయ్యి ఇట్లియ్యండి."

ఆయన వేళ్లను పట్టుకొని ఆ చోట ఆనించాడు. కోడిగుడ్డు సగమంత ఉబ్బు.

"వచ్చేటప్పుడు ఏడన్న గట్టిగ గుంతల పడ్డదా సార్?"

"సారపాక దగ్గర దడేల్మంది," అన్నారాయన. గొంతు తగ్గింది. "మా ఇంటామె, మనవరాలు కూడా కారులోనే ఉన్నారు. దర్శనం చేసుకుంటామంటే భద్రాచలంలో దింపి వచ్చాను."

"స్టెప్నీ తియ్యండి, మారుస్తా."

"ఈ మోడల్‌కు స్టెప్నీ రాదు. పంక్చర్ కిట్ ఇచ్చారు."

"అది పంక్చరుకు సార్. దారాలు తెగినదానికి పనికిరాదు. కారును ఈడనే ఉంచండి. టైరు తెచ్చి ఏసినంకనే కదిలియ్యాలె."

వెంకటరామారావు చేతికంటిన మట్టి దులుపుకున్నారు. ఎండ నడినెత్తికొచ్చింది. వరండా మీద పిల్లలు నవ్వడం మానేసి చూస్తున్నారు. ఆయన సెల్‌ఫోన్ తీసి ఇంటామెకు ఫోను చేశారు.

"నిర్మలా, మీరు గుడి దగ్గరే ఉండండి. బండి వేరేది వస్తుంది... అవ్, మంచి బండే. ముగ్గురం అందులోనే ఖమ్మం పోదాం. పాపకు కిటికీ పక్క సీటు ఇద్దాంలే."

ఫోను జేబులో పెట్టుకొని, ఆ వ్యానులోనే ముందు సీట్లో కూర్చొని బెల్టు పెట్టుకున్నారు.

"పోనీ దూలయ్యా. జర మెల్లగా."

వ్యాను గేటు దాటింది. సంతకం ఇంకా పెట్టలేదు.