ఎర్రిస్వామి గారాల మొక్క

మొక్కల మెడకు, వాటి బాధ మాటల్లో వినిపించే మాటపెట్టె కట్టడం అన్ని నర్సరీల్లోనూ మామూలైపోయింది. పెనుకొండ దగ్గర నర్సరీలో పనిచేసే ఎర్రిస్వామికి మాత్రం అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు. కరువు కొండ మీద బతకాలంటే నారేప మొక్కలు ముందే దాహానికి అలవాటు పడాలి. అందుకని పది రోజులు వాటికి చుక్క నీళ్లు పోయకూడదు. మూడో రోజుకే మూడొందల మొక్కలూ "దాహం, దాహం" అని ఏడుపు లంకించుకున్నాయి.

"నీళ్లు పోస్తివా, చెయ్యి విరగ్గొడతా!" అంది అతని భార్య సుంకమ్మ. అక్కడ మేస్త్రీ ఆమే.

అయినా మూలనున్న బక్క మొక్కకు ఎర్రిస్వామి తన తాగేనీళ్లు దొంగతనంగా పోశాడు.

కొండ మీద నాటాక తక్కినవన్నీ నోరు మూసుకుని వేళ్లు దించుకున్నాయి. బక్కది మాత్రం పొద్దున్నే "మామా, ఇంగా రాలేదేమి?" అని కేకేసేది. సుంకమ్మ చేత తిట్లు తింటూనే అతను బిందె మోసేవాడు.

నడి వేసవిలో జ్వరమొచ్చి నాలుగు రోజులు లేవలేకపోయాడు. ఐదో రోజు, మొక్క ఎండిపోయి ఉంటుందని ఏడుస్తూ కొండెక్కాడు. మొక్క నవనవలాడుతోంది.

"నీళ్లొద్దు మామా. అత్త దినామూ వచ్చి పోసిపోతాంది. నీకు చెప్తే పీకి పారేస్తానంది."