ఆరింటి డబ్బా

పెళ్లై నలభై రోజులైనా మేమిద్దరం కలిసి ఒక్క పూట కూడా తినలేదు.

అందరి చేతికీ ఉన్నట్టే మాకూ పట్టీలున్నాయి. ఒంట్లోని రక్షణ కణాలు శాంతంగా ఉంటే పట్టీ పచ్చగా వెలుగుతుంది. అవి రేగి, వాపు పెంచి, ఇన్సులిన్‌ను పనిచేయనివ్వకపోతే ఎర్రబడుతుంది. ఆ రంగును బట్టే అపార్ట్‌మెంట్ వంటగది ఎవరి వేళకు వాళ్లకు డబ్బా పంపుతుంది. ఒకరిది ఇంకొకరు ముట్టకూడదు. మా ఆయన కిరీటిది ఎరుపు, నాది పచ్చ. సాయంత్రం ఆరింటికి కొర్రన్నం, మెంతిపప్పు వస్తాయి. ఆయన తింటుంటే చూస్తూ కూర్చుంటాను. నా డబ్బా ఎనిమిదింటికి వచ్చేసరికి ఆయన పోర్టు డ్యూటీలో ఉంటారు. ఎదురుగా ఖాళీ కంచం పెట్టుకుని, గోంగూర ఎంత బాగా కుదిరిందో దానికే చెబుతాను.

ఇవాళ ఆరింటికి వంటగది నుంచి డబ్బాలు తెచ్చే వరాలు పిన్ని రెండు తెచ్చింది.

"ఇదేంటమ్మాయ్, కొత్త పెళ్లికూతురివి, నీక్కూడా కొర్రన్నమేనా?"

చెయ్యి చూసుకున్నాను. పట్టీ ఎర్రగా ఉంది. ఎగిరి గంతేసినంత పనిచేశాను.

"చూశారా, ఇద్దరికీ ఒకటే!" అంటూ కంచాలు పక్కపక్కన పెట్టాను.

కిరీటి నవ్వలేదు.

"దిగులుపడినా ఆ కణాలు రేగుతాయని డాక్టరమ్మ చెప్పింది. రోజూ బానే ఉన్నానన్నావే?"

"బానే ఉన్నా. ఆకలేస్తోంది, పెట్టండి."

ఆయన ముద్ద కలిపి నా నోటికి అందించారు. చేదుగా, ఎంతో బాగుంది. ఇలా కలిసి తింటే దిగులు తీరి, నాలుగు రోజుల్లో నా పట్టీ మళ్లీ పచ్చబడి, నా డబ్బా ఎనిమిదింటికే వస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఇంకో ముద్ద పెట్టమన్నాను.