మెట్ల మీద గిటార్

ఖమదీన్ తన అరచేతిని అఘాలీ గిటార్ తీగల మీద పెట్టి మోత ఆపేశాడు.

"పైకెక్కావు, కిందికి దిగావు. మళ్ళీ ఎక్కావు, మళ్ళీ దిగావు. ఇంతకీ పైన ఎవరైనా కనిపించార్రా?"

"తప్పు స్వరం ఒక్కటైనా పడిందా?" అన్నాడు అఘాలీ ఉక్రోషంగా.

"అదేరా నా ఏడుపు. ఒక్కటీ పడలేదు."

సాయంత్రం సహారా ఎడారి పట్నం తమన్‌రస్సెత్‌లో, అవతలి పేటలో పెళ్ళి. ఖమదీన్ బృందంలో ఇన్నాళ్ళూ పాటకి వెనక నుంచి వంత వాయించే గిటారే అఘాలీది. పాడేవాళ్ళు ఆగిపోయి గిటార్ ఒక్కటే మాట్లాడే ఆ రెండు నిమిషాల సోలో ఈ ఒక్కసారి తనకిమ్మని వారం రోజులుగా బతిమాలుతున్నాడు. ఫోన్లో చూసి స్కేళ్ళన్నీ, ఆ స్వరాల మెట్లన్నీ, కంఠతా పట్టాడు. వేళ్ళు కంటికి కనిపించనంత వేగం. కానీ సోలో పండిందో లేదో తేల్చేది వేగం కాదు, పెళ్ళిలో ముందు వరసలో కూర్చునే ఆడవాళ్ళు. నచ్చితే నాలుక ఆడిస్తూ సంబరంగా కేక పెడతారు. నచ్చకపోతే కబుర్లలో పడతారు. గిటార్ పట్టినవాడికి అంతకన్నా తలవంపు లేదు. ఆ కేక మొదలుపెట్టేది ఎప్పుడూ ఖమదీన్ తల్లి తకమత్.

ఆవిడ అక్కడే, పెరట్లో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోస్తోంది. వంటింట్లోంచి ఖమదీన్ చెల్లెలు రైషా రొట్టె పిండి పిసుకుతున్న చప్పుడు వస్తోంది.

"అమ్మా, నువ్వే చెప్పు. సోలో వీడికి ఇవ్వచ్చా?"

"వాడు ఏమైనా అంటే కదా నేను చెప్పడానికి," అంది తకమత్. "బళ్ళో పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. ఒక్కటీ మర్చిపోలేదు పాపం."

అఘాలీకి రోషం వచ్చింది. అంతకన్నా ఎక్కువగా కుతూహలం పుట్టింది. తకమత్ వాయించే ఇమ్జాద్ అనే వాద్యానికి ఉన్నది ఒకే ఒక్క తీగ. ఆ ఒంటి తీగతోనే గడ్డాలు నెరిసిన మగవాళ్ళ చేత కళ్ళు తుడిపిస్తుంది. ఆరు తీగలున్న తన వల్ల కానిది ఆవిడ వల్ల ఎలా అవుతుందో అతనికి ఏనాడూ అంతు పట్టలేదు.

"మరి ఏం చెయ్యాలమ్మా?" అని అడిగేశాడు.

"ఎవరితోనైనా అనాలనుకుని, నోరు రాక మింగేసిన మాట ఉందా నీ దగ్గర?"

అఘాలీ తలపాగా కొసని ముక్కు దాకా లాక్కున్నాడు. "ఉంది."

"ఏంటది?"

"చెప్పగలిగితే మింగడం దేనికి?"

"సరే, నోటితో వద్దు. దాంతోనే అను. ఒక్క ఊపిరికి ఎంత అనగలవో అంతే. ఊపిరి అయిపోతే ఆగు. మళ్ళీ పీల్చుకో."

అఘాలీ బొటనవేలితో లావు తీగ మీటాడు. దాని మీద మూడే మూడు స్వరాలు వేసి ఆగాడు.

"ఊఁ, తర్వాత?" అంది తకమత్, పక్కింటి కబురు వింటున్నట్టు.

అవే మూడు స్వరాలు మళ్ళీ. ఈసారి మూడోదాన్ని, తీగని వేలితో పక్కకి లాగి సాగదీశాడు. అది పూర్తిగా పైకి పోలేదు. అడగనా వద్దా అన్నట్టు మధ్యలోనే వణికింది. ఏ స్కేల్లోనూ ఆ చోటికి పేరు లేదు.

"అడిగితే సరిగ్గా అడుగు. ఆ నసుగుడేంటి?"

సరిగ్గా అడిగాడు. వేళ్ళు అలవాటుగా పరుగందుకోబోతే తనే ఆపుకున్నాడు. ఒకే స్వరాన్ని నాలుగుసార్లు మీటాడు. ఒకసారి బతిమాలినట్టు, ఒకసారి అలిగినట్టు, ఒకసారి తనని చూసి తనే నవ్వుకున్నట్టు, చివరికి ఇక నీ ఇష్టం అన్నట్టు. వంటింట్లో చప్పుడు ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు.

గిటార్ ఆగింది. ఇవి నా వేళ్ళేనా అన్నట్టు అఘాలీ చేతుల వంక చూసుకున్నాడు. ఇంత సంతోషం అతను ఎన్నడూ ఎరగడు.

"స్కేలు ఏమైందిరా?" అన్నాడు ఖమదీన్ మెల్లగా.

"ఏమో. గుర్తే రాలేదు."

తకమత్ వంటింటి వైపు తిరిగింది. "రైషా, విన్నావా?"

"విన్నానమ్మా."

"ఎవరితో అంటున్నాడంటావ్?"

"ఇంకెవరితో. నాతోనే."

"మరి నువ్వేమంటావ్?"

వంటింట్లో పిండి పిసికే చప్పుడు మళ్ళీ మొదలైంది. ఇందాకటి గిటార్ లయలోనే.

ఖమదీన్ నోరు తెరిచి వంటింటి వంక చూశాడు, తర్వాత స్నేహితుడి వంక చూశాడు, ఆపైన పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో అఘాలీకి ధైర్యం వచ్చింది.

"అయితే సోలో నాకేనా అమ్మా?"

తకమత్ తల మీది బట్టని ముఖం నిండా లాక్కుంది. అతని టీ గ్లాసు చేతికివ్వకుండా నేల మీద పెట్టి, అటు తిరిగి కూర్చుంది. ఇప్పటిదాకా ఎదురెదురుగా కూర్చుని ఆరాలు తీసిన మనిషి. అఘాలీ గిటార్ పక్కన పెట్టేశాడు.

"కోపం వచ్చిందా అమ్మా? ఏమైనా తప్పుగా వాయించానా?"

ఆవిడ అతనికి కాదు, కొడుక్కి చెప్పింది.

"ఖమదీన్, సాయంత్రం సోలో నువ్వే వాయించుకో నాయనా. అత్తగారికి ముఖం చూపించి, ఎదురుగా కూర్చుని గిటార్ వాయించే అల్లుడు మనలో ఎక్కడైనా ఉన్నాడా?"