చెట్టుకు ఎర్రమట్టి బొట్టు

ఆ అడవిలో వాగుకు పోయే దారి ఒక్కటే, అదీ ఇరుకు. నీళ్ళకు వెళ్ళే దున్నలూ తాగి వచ్చే దున్నలూ ఎదురుపడి తోసుకుంటే, మధ్యలో చిక్కి ఒక లేడిపిల్ల కాలు విరిగింది. దాంతో దారి వెడల్పు చేసే పని ఏనుగులు నెత్తిన వేసుకున్నాయి.

పెద్ద ఏనుగు వచ్చి, గోరింక ఉంటున్న మద్దిచెట్టుకు తొండంతో ఎర్రమట్టి బొట్టు పెట్టి, గోరింకతో ఏదో చెప్పి వెళ్ళింది. వెనక చెట్టు మీది కాకికి కడుపు మండిపోయింది.

"దాని ముఖానికి బొట్టొకటా! నా చెట్టుకేం తక్కువ?"

గోరింక పిల్లల్ని వెంటేసుకుని ఎగిరిపోతుంటే, "అదిగో, అడవంతా చెప్పుకోడానికి బయల్దేరింది" అని మూతి తిప్పుకుంది. వెంటనే ముక్కుతో మట్టి తెచ్చి, తన చెట్టుకు అంతకంటే పెద్ద బొట్టు పెట్టుకుంది.

మర్నాడు ఏనుగులు బొట్టున్న చెట్లన్నిటినీ కూల్చుకుంటూ వచ్చాయి. కాకి గూడు పుల్లపుల్లలైపోయింది.

గోరింక పరామర్శకు వచ్చింది. "అయ్యో వదినా, నీ చెట్టు దారికి అడ్డమే కాదు కదా! ఎందుకు కూల్చేశాయి?"

కాకి రెక్కల దుమ్ము దులుపుకుంది.

"అది సరేగానీ, నిజం చెప్పు. ఎవరి చెట్టు ముందు పడింది?"