లైన్ ఇస్తున్నా

నాణెం వేస్తే నడిచే కార్ వాష్‌లో, నాణెం వేయకుండానే పంపు తిరుగుతోందని ఓనరు ఫోన్ చేస్తే, చీకటి పడ్డాక ఒక్కణ్ణే వెళ్లాను. మెయిన్ ఆపి టైమరు పెట్టె విప్పాను. వైర్లన్నీ బిగువుగానే ఉన్నాయి. విసుగొచ్చి, మూత తెరిచే ఉంచి, మెయిన్ వేయడానికి గోడ వెనక్కి వెళ్లాను.

బావా నేనూ జంటగా పనిచేసినన్నాళ్లూ, కరెంటు ఇచ్చేముందు ఒకరం కేకేసేవాళ్లం. రెండోవాడు "ఇవ్వు" అన్నాకే మీట వేసేవాళ్లం. బావ చనిపోయినా నా నోటికి ఆ అలవాటు పోలేదు.

"బావా, లైన్ ఇస్తున్నా!"

నాలో నేనే నవ్వుకున్నాను. గోడ అవతల గొట్టంలోంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. మీట మీద చెయ్యి వేశాను.

బొట్ల చప్పుడు ఆగింది.

"ఆగరా బాబూ," అన్నాడు బావ, ఎప్పటిలాగే విసుగ్గా. "నా చెయ్యి ఇంకా లోపలే ఉంది."