గిజిగాడు లాగిన ముడి

బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు ఒక గిజిగాడు గూడు అల్లాడు. లోపల రెక్కలు రాని పిల్లలున్నారు. తాను చూడకపోతే కొమ్మకు వేసిన ముడి ఊడి, పిల్లలు నీళ్లలో పడతారని అతని నమ్మకం. అందుకే మేతకు బయల్దేరిన ప్రతిసారీ మధ్యలోనే వెనక్కొచ్చి, ముడిని ముక్కుతో లాగి చూసేవాడు.

ఒకరోజు ముడి దగ్గర పీచు రేగి కనిపించింది. వెంటనే పక్క కొమ్మ మీది గోరింకను నిలదీశాడు.

"నువ్వే లాగావు కదూ?"

"నాకేం పని, గిజిగన్నా? పొద్దస్తమానం లాగేది నువ్వేగా!"

"చూశావటే, ఎలా బుకాయిస్తోందో!" అన్నాడు గూట్లో ఉన్న పెళ్లాంతో.

"అది చెప్పింది నిజమేనయ్యా. నువ్వు లాగి లాగే పీచు తెగుతోంది. పిల్లలు పొద్దుట్నుంచీ ఆకలికి ఏడుస్తున్నారు. ముడి జోలికి పోకుండా పురుగులు పట్టుకురా."

"ఈలోగా ఊడితే? ఆ పాపం నాదేగా?"

"పస్తులుంచితే ఎవరిది?"

గిజిగాడు ఎగిరాడు. దారిలో గాలి లేచింది. ముడి గుర్తొచ్చింది. అయినా వెనక్కి తిరగలేదు. అనుమానం పొలం దాకా వెంటే వచ్చింది. అది అలా ఉండగానే పురుగులు ఏరాడు.

తిరిగొచ్చేసరికి గూడు గాలికి ఊగుతోంది. మనసు మళ్లీ ముడి వైపే లాగింది. కానీ ముక్కు నిండా పురుగులున్నాయి. ఎదురుగా పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నారు.