తిరుపాలమ్మ చెప్పిన దారి

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం రాగిజావ రంగుకు తిరిగింది. సూర్యుడు ఎటు పోయాడో తెలియదు. సులైబియా బస్‌స్టాపులో నిలబడ్డ దేవికకు రోడ్డవతలి గోడౌను కూడా ఆనలేదు. అంతా దుమ్ము.

కోనసీమ నుంచి ఈ అరబ్బు దేశానికి ఇంటిపనికి వచ్చిన తొమ్మిది నెలల్లో ఇదే మొదటి సెలవు. మూడింటికల్లా తిరిగి రాకపోతే ఇంకో సెలవు ఉండదని మామా తేల్చేసింది. మామా అంటే ఇంటి యజమానురాలు. ఎదురుగా కూర్చుని ఎవరితోనైనా తెలుగు మాట్లాడాలని దేవిక ఆశ. అందుకే ఖైతాన్‌లోని తిరుపాలమ్మ దగ్గరికి బయల్దేరింది. ఆవిడతో పరిచయం ఫోన్లోనే.

తిరుపాలమ్మది రాయచోటి వైపు. పద్నాలుగేళ్ళుగా ఒకే ఇల్లు. మంచంలో ఉన్న ముసలి మామాకు చాకిరీ. కొత్తగా దిగిన ఆడవాళ్ళకు ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో ఫోన్లో చెప్పేది ఆవిడే. ఆవిడ మాట విని తప్పిపోయినవాళ్ళు లేరు. దేవిక ఆవిడకు ఫోన్ చేసింది.

"పిన్నిగారూ, ఏమీ కనపడి చావట్లేదండీ. వెనక్కెళ్ళిపోనా?"

"కండ్లతో ఏం పనిమే? చెవులుండాయి గదా. బస్సొచ్చిందా?"

"వచ్చిందండి."

"ముందు సీట్లు మనయి. మగోడు కూసోనుంటే పక్కన నిలబడి దగ్గు. వాడే లేస్తాడు."

దేవిక దగ్గింది. బుర్ర మీసాలవాడొకడు గబుక్కున లేచి వెనక్కి పోయాడు. దేవికకు నవ్వొచ్చింది.

"సీట్లు ఎర్రగానే ఉండాయా?"

"నీలం రంగండి."

"ఓహో, మార్చినారా!" తిరుపాలమ్మ కాసేపు ఆ రంగు గురించే ఆలోచించినట్టుంది. "సరే, బస్సు రెండు తూర్లు గుండ్రంగా తిరుగుతాది, లెక్కబెట్టు. ఆమీట తలుపు తీసినప్పుడు రొట్టెల వాసనొస్తాది."

బస్సు రెండుసార్లు తిరిగింది. తలుపు తెరుచుకుంది.

"వచ్చిందండి వాసన!"

"నువ్వుల రొట్టెనా, వట్టి రొట్టెనా?"

"దారి చెప్తున్నారా, పరీక్ష పెడుతున్నారా పిన్నిగారూ?"

"చెప్పుమే, నీ సొమ్మేం పోయింది!"

దేవిక ముక్కు ఎగబీల్చింది. "నువ్వులేనండి."

"బాగుండాది," అంది తిరుపాలమ్మ తృప్తిగా. "ఇంగ దజీజ్ వస్తాది, ఏర్‌పోర్టు పక్కనే. తలమీద విమానాల మోత పెద్దదైతాది. మోత ఎనకబడినాక..."

అవతల ముసలి మామా పిలుపుగంట గణగణ మోగింది. ఫోను కట్టయింది.

దేవిక మళ్ళీ నంబరు నొక్కింది. ఆవిడ ఎత్తలేదు. కిటికీ అవతల గోధుమరంగు తప్ప ఏమీ లేదు. స్టాపు దాటిపోతే సెలవూ పోయినట్టే. కళ్ళు మూసుకుంది. చెవులు రిక్కించింది. నెత్తిన ఉరిమినట్టు మోత. ఇంకొకటి. తర్వాత అది మెల్లగా వెనక్కి జరిగింది. దేముడా అనుకుంటూ దిగేసింది.

పది అడుగుల్లో పచ్చ గేటు. గేటు పట్టుకుని పొట్టి మనిషి.

"దగ్గినావా?" ఫోన్లో విన్న గొంతే.

"దగ్గానండి!"

వంటింటి వెనక గదిలో ఇద్దరూ కింద కూర్చున్నారు. రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి. తొమ్మిది నెలలుగా దాచుకున్న మాటలన్నీ దేవిక గొంతులోకి తోసుకొచ్చాయి. ముందు ఏది చెప్పాలో తెలియక, నోటికొచ్చింది అడిగింది.

"సీట్లు మార్చారని కూడా మీకు తెలీదే! ఆ బస్సెక్కి ఎన్నాళ్ళయిందేంటండీ?"

లోపల గంట మోగింది. తిరుపాలమ్మ వెళ్ళి వచ్చింది. చెయ్యి కడుక్కుని మళ్ళీ కూర్చుంది.

"నేనా? ఈ దేశంలో నేనింగా బస్సెక్కలేదుమే. నీయట్ల వచ్చినోళ్ళు చెప్పిందే నీకు చెప్పినా," అంది తిరుపాలమ్మ దేవిక సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోస్తూ.